పెరట్లో స్విమ్మింగ్ పూల్: ఊట సంగతి అడగని కాంట్రాక్టరుతో జాగ్రత్త

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

గోదావరి డెల్టా ఊళ్ల నుంచి ఇంటి పూల్ గురించి వచ్చిన ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం. లెక్కలన్నిటికీ ఒకటే కొలత తీసుకున్నాం: 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు. ఇందులో సుమారు 36,700 లీటర్ల నీళ్లు పడతాయి. మీ కొలత వేరైతే ఆ మేరకు మార్చుకోండి.

ప్రశ్న: మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకటి మా ఊళ్లో ఇళ్లు కట్టే మేస్త్రిది, ఒకటి హైదరాబాద్ పూల్ కంపెనీది, మూడోది రొయ్యల చెరువులు తవ్వే కాంట్రాక్టరుది. రేట్ల మధ్య రెట్టింపు తేడా ఉంది. ఎవరిని నమ్మమంటారు?
— ఒక పాఠకుడు, భీమవరం మండలం

రేట్ల కాగితాలు కాసేపు పక్కన పెట్టండి. ముగ్గురినీ విడివిడిగా పెరట్లోకి పిలిచి, మీరేమీ చెప్పకుండా వాళ్లు ఏం అడుగుతారో వినండి. టైల్స్ రంగు, లైట్లు, జలపాతం అంటూ మొదలుపెట్టినవాడు సరుకు అమ్ముకోవడానికి వచ్చాడు. "కార్తీకంలో మీ నూతిలో నీళ్లు ఎంత పైకుంటాయి? సార్వాకి కాలువ వదిలాక పెరట్లో ఎక్కడైనా చెమ్మ కడుతుందా? వెనక మురుగు డ్రెయిను పొంగితే నీళ్లు ఎంతవరకు వస్తాయి?" అని అడిగినవాడికి పని తెలుసు. డెల్టాలో పూల్ దెబ్బతినేది ఎక్కువగా బయటి ఊట వల్లే. ఆ ఊట లోతు తెలుసుకోకుండా ఇచ్చిన రేటు ఉత్త అంచనా, రేపు పనిలో దిగాక పెరుగుతుంది.

చెరువుల కాంట్రాక్టరుకి మీ మట్టి తెలుసు. ప్రొక్లెయిన్ ఉంది, నీళ్లు తోడే ఇంజన్లు ఉన్నాయి. తవ్వకానికి అతనికన్నా మంచివాడు దొరకడు. అంతవరకే ఇవ్వండి. చెరువు గట్టు కాస్త ఊరినా నష్టం లేదు, పూల్ గోడ ఊరకూడదు. తవ్వేటప్పుడు కూడా ఒకటి గమనించండి. పొరపాటున అడుగు లోతు ఎక్కువ తవ్వేస్తే అదే మట్టి వెనక్కి పోసి చదును చేయనివ్వకండి, ఆ చోట ఫ్లోర్ కుంగుతుంది. ఎక్కువ తవ్విన మేరా పేద కాంక్రీటుతో (సిమెంటు తక్కువ వేసినది) నింపాలి, లేదా ఇసుక పొరలు పోసి దిమ్మిస కొట్టాలి.

ఇళ్ల మేస్త్రితో వచ్చే చిక్కు వేరు. ఇంటి స్లాబుకి వాడే 1:1½:3 పాళ్లు (సిమెంటు, ఇసుక, కంకర) ఎం20 కాంక్రీటు. ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ. నీళ్లు నిలిపే కట్టడాలకు ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఇనుము వేసిన కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలి. ఘనపు మీటరుకి సిమెంటు 320 కిలోలకు తగ్గకూడదు, నీళ్ల బరువు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకి, ఇసుకలో ఉన్న తడితో సహా, 22 లీటర్లే. తట్టల లెక్కన కలిపితే ఎం30 రాదు. ల్యాబులో మిక్స్ డిజైన్ చేయించాలి. "ఎం30కి పాళ్లు ఎంత?" అని మేస్త్రిని అడగండి. టక్కున పాళ్లు చెప్పేస్తే అతనికి తెలియదన్నమాట. ఇక "తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టి లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేస్తే చాలండి, ఆయ్" అనేవాడికి మజ్జిగ ఇచ్చి పంపేయండి. మన నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఆ ఒత్తిడికి ఇటుక గోడ మొదటి రెండేళ్లలోనే అతుకుల దగ్గర పగులుతుంది.

పూల్ కంపెనీకి పంపులు, ఫిల్టర్లు బాగా తెలుసు. కాంక్రీటు పని మాత్రం చాలాచోట్ల మళ్లీ స్థానిక మేస్త్రికే సబ్ కాంట్రాక్టు పోతుంది. కాంక్రీటు పోసే మనిషి ఎవరు, పోసే రోజు కంపెనీ ఇంజనీరు సైటులో ఉంటాడా, పంపు సీలు పోతే ఎక్కడి నుంచి మనిషి వస్తాడు అనేవి రాతపూర్వకంగా అడగండి. సీలు మార్చడానికి హైదరాబాద్ నుంచి మనిషి రావాలంటే సీలు ధర కన్నా దారి ఖర్చు ఎక్కువ అవుతుంది.

మా సలహా ఇది. డ్రాయింగు మాత్రం ఈ ముగ్గురికీ సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత గీయించండి. అంతకుముందు రెండు చోట్ల పదడుగుల బోరు వేయించి మట్టి పరీక్ష చేయించండి. ఆ డ్రాయింగు మీదే ముగ్గురి దగ్గరా మళ్లీ రేటు తీసుకోండి. అప్పుడు గానీ పోలిక కుదరదు. పని ఇచ్చేటప్పుడు కాంక్రీటు, పైపులు, ఫిట్టింగులు మూడింటి బాధ్యతా ఒక్కరి మీదే పెట్టండి. అతను తవ్వకాన్ని చెరువుల కాంట్రాక్టరు చేత చేయించుకుంటాడో, ఇంకెవరి చేతనో అది అతని ఇష్టం. విడివిడిగా ఇస్తే నీళ్లు కారిన రోజున ప్లంబరు మేస్త్రిని చూపిస్తాడు, మేస్త్రి ప్లంబరుని చూపిస్తాడు.

కారడం మొదలయ్యే చోట్లు నాలుగే. వాటి గురించి అడిగితే కాంట్రాక్టరు లోతు తెలిసిపోతుంది. మొదటిది ఫ్లోరూ గోడా కలిసే చోటు. ఫ్లోరుతోపాటే గోడను నాలుగు నుంచి ఆరంగుళాలు పైకి పోసి, ఆ అతుకులో నీళ్లు దాటకుండా ఆపే పీవీసీ పట్టీ (వాటర్ బార్) పెట్టాలి. రెండోది గోడ సెంట్రింగు పలకలను బిగించే బోల్టులు. ప్లాస్టిక్ గొట్టంలోంచి బోల్టు దూర్చి, తర్వాత ఆ బెజ్జాన్ని సిమెంటుతో పూడిస్తే ఎన్ని బోల్టులో అన్ని కారుడు దారులు. గోడలోనే ఉండిపోయి, మధ్యలో నీళ్లు ఆపే పళ్లెం ఉన్న బోల్టులు వాడాలి. మూడోది లైట్లు, రిటర్న్ ఇన్‌లెట్లు (వడకట్టిన నీళ్లు తిరిగి వచ్చే మూతులు), స్కిమ్మరు (పైన తేలే చెత్తని లాగే మూతి) కూర్చునే చోట్లు. ఇవి కాంక్రీటు పోసే ముందే ఇనుములో బిగించి ఉండాలి. "గోడ పోసేశాక ఉలితో కొట్టి పెడతాం" అన్నాడంటే ఇక మాట్లాడేదేమీ లేదు. నాలుగోది నేలలోని పైపు అతుకులు. కాంక్రీటుకి ముందు పైపుల్లో రెండు మూడు కిలోల ఒత్తిడి ఎక్కించి 24 గంటలు ఉంచాలి. కాంక్రీటు పోస్తున్నంతసేపూ ఆ ఒత్తిడి చూపే గేజి కనబడుతూ ఉండాలి. వైబ్రేటరు తగిలి పైపు పగిలితే ముల్లు అప్పటికప్పుడే పడిపోతుంది, తడి కాంక్రీటులోనే సరిచేయవచ్చు.

ప్రశ్న: కాంట్రాక్టరు తను కట్టిన పూల్స్ చూపిస్తానంటున్నాడు. వెళ్లి ఏం చూడాలి?
— పాలకొల్లు పాఠకురాలు

మొన్న సంక్రాంతికి నీళ్లు నింపిన పూల్ చూసి లాభం లేదు. కనీసం రెండు వానాకాలాలు గడిచినవి చూపించమనండి. యజమానితో కాంట్రాక్టరు పక్కన లేనప్పుడు మాట్లాడండి. "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. "వారానికి ఎన్ని అంగుళాలు నీళ్లు కలుపుతున్నారు? ఒక్కసారైనా ఖాళీ చేశారా? చేసినప్పుడు కాంట్రాక్టరు ఏం చెప్పాడు? చివరి చెల్లింపు అయ్యాక ఫోను ఎత్తుతున్నాడా?" అని అడగండి. వేసవిలో రోజుకి అయిదారు మిల్లీమీటర్లు ఆవిరైపోవడం మామూలే. వానాకాలంలోనూ అదే జోరుగా తగ్గుతుంటే కారుతోందని అర్థం.

కంటితో చూడాల్సినవి మూడు. నీటి అంచు నాలుగు వైపులా టైలు గీతకి సమానంగా ఉందా? ఒక మూల అంగుళం తేడా ఉంటే కట్టేటప్పుడే మట్టం తప్పింది, లేదా పూల్ ఒరిగింది. టైల్స్ సందుల్లోంచి తుప్పు రంగు చారలు దిగుతున్నాయా? అలా ఉంటే ఇనుము మీద కాంక్రీటు మందం చాలలేదు. చుట్టూ నడిచే గట్టు పూల్ అంచు నుంచి విడిపోయి కిందికి దిగిందా? అలా అయితే గోడ వెనక మట్టి ఒకేసారి గుమ్మరించేశారు. తొమ్మిదంగుళాల పొరలుగా పోసి దిమ్మిస కొట్టి ఉండాల్సింది.

ప్రశ్న: ఖాళీ పూల్ నేలలోంచి పైకి లేచిపోతుందని ఒకరు భయపెట్టారు. ఇన్ని టన్నుల కాంక్రీటు ఎలా లేస్తుంది? మాది కాలువ పక్క ఇల్లు.
— అమలాపురం పాఠకుడు

లేస్తుంది. గోదావరి మీద ఇనుప పంటు తేలినట్టే. లెక్క చూడండి. మన కొలత పూల్‌కి గోడలూ ఫ్లోరూ ఎనిమిది అంగుళాల మందం అనుకుంటే బయటి కొలత 25 అడుగుల 4 అంగుళాలు, 13 అడుగుల 4 అంగుళాలు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఊట నేలమట్టం దాకా వస్తే దాన్ని పైకి తోసే బలం సుమారు 49 టన్నులు. కాంక్రీటు బరువు 32 టన్నులు. టైల్స్, ప్లాస్టరింగు కలిపితే ఇంకో మూడు టన్నులు. కాంక్రీటు ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే 17 టన్నులు తక్కువ పడింది. ఊట నేలకి రెండడుగుల లోపలికి వచ్చిందంటే చాలు, ఖాళీ పూల్ కదలడానికి సిద్ధంగా ఉంటుంది. మీ కాలువ పక్క పెరట్లో సార్వా రోజుల్లో ఊట ఆ మట్టంలోనే ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు లోపలి నీళ్ల బరువే మరో 36 టన్నులు కాబట్టి ఏ ప్రమాదమూ లేదు.

అందుకు విరుగుళ్లు డ్రాయింగులోనే ఉండాలి. ఫ్లోరు స్లాబుని గోడలకి బయట చుట్టూ ఒకటిన్నర అడుగు పొడిగిస్తే దాని మీద కూర్చున్న మట్టి పూల్‌ని తొక్కిపెడుతుంది. నీళ్లలో తడిసిన మట్టి బరువు తగ్గుతుంది కనుక దానికి ఘనపు మీటరుకి 800–900 కిలోలే లెక్క వేయాలి. అలా వేసినా మట్టీ, పెరిగిన స్లాబూ కలిసి ఆ 17 టన్నుల లోటూ సరిగ్గా పూడుతుంది. సరిగ్గా పూడితే చాలదు. ఇంజనీర్లు సాధారణంగా 1.2 రెట్లు భద్రత చూస్తారు. అందుకని పూల్ అంచుని నేలకి ఒకటిన్నర అడుగు పైకి ఎత్తండి. తోసే బలం 14 టన్నులు తగ్గుతుంది, మీద కూర్చునే మట్టి తగ్గినా మొత్తం మీద భద్రత 1.2 దాటుతుంది. తవ్వకం తగ్గుతుంది, పెరట్లో నిలిచిన వాన నీళ్లు పూల్‌లోకి దిగవు. డెల్టాలో నేలమట్టానికి పూల్ అడిగేవాళ్లకి మేం చెప్పేది ఎప్పుడూ ఇదే. పత్రికల్లో బొమ్మ బాగుంటుంది గానీ మన నేలకి ఎత్తు పూలే సరి.

ఫ్లోరు కింద ఆరంగుళాల 40 ఎం‌ఎం కంకర పొర, దాని కింద మట్టి పైకి రాకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ, మెయిన్ డ్రెయిను గుంటలో హైడ్రోస్టాటిక్ రిలీఫ్ వాల్వు పెట్టించండి. బయట ఒత్తిడి పెరిగితే ఈ వాల్వు తెరుచుకుని ఊటని పూల్‌లోకి వదులుతుంది. ఒండ్రు, సున్నం పేరుకుని బిగుసుకుపోవచ్చు కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. అన్నిటికన్నా చౌకగా, ఎక్కువగా పనికొచ్చేది పూల్ పక్కన నిలువుగా దించిన ఆరంగుళాల పీవీసీ పైపు, అంటే ఊట పైపు. ఫ్లోరు కన్నా రెండడుగులు కిందికి పోవాలి, అడుగు భాగాన మూడడుగుల మేర బెజ్జాలు వేసి గుడ్డ చుట్టాలి, పైన మూత పెట్టాలి. టేపు వదిలితే ఊట ఎక్కడుందో తెలుస్తుంది. పూల్ ఖాళీ చేయాల్సి వస్తే ముందు ఇందులోకి చిన్న సబ్‌మెర్సిబుల్ దించి ఊటని ఫ్లోరు కిందికి లాగాకే పూల్ ఖాళీ చేసే వాల్వు తిప్పాలి. ఈ పైపు మాట తనంతట తానే ఎత్తిన కాంట్రాక్టరుకి కొంచెం ఎక్కువ రేటు ఇచ్చినా తప్పులేదు.

ప్రశ్న: పని ఏ నెలలో మొదలుపెట్టాలి? మా కాంట్రాక్టరు శ్రావణంలో ముహూర్తం పెట్టమంటున్నాడు.
— తణుకు పాఠకుడు

శంకుస్థాపన శ్రావణంలో చేసుకోండి, తవ్వకం వద్దు. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. తేదీలు ఏటేటా మారతాయి, జలవనరుల శాఖ ప్రకటిస్తుంది. ఊట అన్నిటికన్నా కిందికి దిగేది ఆ రోజుల్లోనే. కాలువ కట్టేసిన వారంలో తవ్వకం మొదలైతే, నీళ్లు వదిలేనాటికి గోడలు పోయడం, క్యూరింగు, పరీక్షకి నీళ్లు నింపడం అయిపోవాలి. ఏప్రిల్‌లో మొదలైన పనిలోనూ గోతి మూలన సంపు తీసి రెండు మూడు హార్స్‌పవర్ మడ్డి పంపు పెట్టాలి. కరెంటు పోతే డీజిల్ ఇంజను సిద్ధంగా ఉండాలి. ఫ్లోరు పోసిన రాత్రి పంపు ఆగిపోతే ఊట పచ్చి కాంక్రీటులోంచి పైకి తన్నుకొచ్చి సిమెంటు పాలని కడిగేస్తుంది. ఆ దారులు తర్వాత పూడవు. గోడలు లేచి పూల్ నిండేదాకా పంపు ఆపకూడదు.

కొబ్బరి చెట్టు ఉంటే పది అడుగుల దూరం ఉంచండి. వేళ్లు కాంక్రీటుని ఏం చేయవు గానీ, ఒక పక్క వేళ్లు తెగిన చెట్టు గోతిలోకి ఒరుగుతుంది.

ప్రశ్న: ఫైబర్ పూల్ అయితే లారీలో తెచ్చి దింపేస్తారట, వారంలో పని పూర్తి. కారడమూ ఉండదట. అదే మేలా?
— మండపేట పాఠకుడు

కారదు, నిజమే. తేలడం మాత్రం కాంక్రీటు కన్నా ఎంతో తేలిక, దాని సొంత బరువు టన్నో రెండు టన్నులో. కింద కాంక్రీటు స్లాబు వేసి, దానికి పూల్ అంచుని చుట్టూ కట్టే ఏర్పాటు లేకుండా డెల్టాలో దించకూడదు. మీది మెరక నేలై, ఎండాకాలం వానాకాలం రెండింటా ఊట ఆరడుగుల కిందే ఉంటే ఆలోచించండి. లారీ, క్రేను మీ వీధిలో తిరుగుతాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి విదేశంలో ఉండి డబ్బు పంపుతున్నాడు. మేం ఇద్దరం పెద్దవాళ్లం. కాంట్రాక్టరు సగం సొమ్ము ముందే అడుగుతున్నాడు. అగ్రిమెంటులో ఏం రాయించుకోవాలి?
— నరసాపురం నుంచి ఒక తల్లి

సగం ఇవ్వకండమ్మా. అడ్వాన్సు పది శాతం చాలు. ఫ్లోరు కాంక్రీటు అయ్యాక ఇరవై, గోడలయ్యాక ఇరవై, నీటి పరీక్ష నెగ్గాక ఇరవై, టైల్సూ మిషనరీ బిగించి నడిపి చూపించాక ఇరవై. చివరి పది శాతం వానలు తగ్గాక, నవంబరు ఆఖరున. ఆ పది శాతం కోసమే అతను మొదటి వానాకాలంలో మీ ఫోను ఎత్తుతాడు.

డెల్టాలో గొడవలు ఎక్కువగా వచ్చేది అగ్రిమెంటులో రాయని రెండు ఖర్చుల మీద. ఒకటి ఊట తోడే పంపులు, డీజిలు. ఎన్ని రోజులైనా కాంట్రాక్టరువే అని రాయించండి. రెండు, మట్టి. మన కొలత పూల్‌కి పక్కల వాలుతో కలిపి మూడున్నర వేల ఘనపుటడుగుల దాకా తవ్వాలి, అంటే ముప్పై అయిదు నలభై ట్రాక్టర్లు. కావలసినంత వెనక్కి పోయడానికి ఉంచి, మిగతాది ఎవరు ఎక్కడ పారబోస్తారో రాయండి. తోడిన నీళ్లు పక్కవాళ్ల చేలోకో చేపల చెరువులోకో పోతే తగవు మీ గుమ్మంలోకే వస్తుంది. అది కూడా రాయండి.

సరుకు లెక్క కూడా పెట్టించండి. పూల్‌కి, పొడిగించిన ఫ్లోరుకి కలిపి దాదాపు 15 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఎం30 మిక్సుకి ఘనపు మీటరుకి ఏడున్నర, ఎనిమిది బస్తాలు అనుకుంటే 115–120 బస్తాలు. ఖాళీ సంచులు మీ సావిట్లో కట్టలు కట్టి పెట్టించండి, లెక్క చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. రెడీమిక్స్ అయితే లారీ మోసుకొచ్చే చలానా మీద ఎం30 అని ఉండాలి. మీ దారిలో కాలువ వంతెన ఆ బరువు మోస్తుందో లేదో ముందే చూడాలి. కాంక్రీటు పోసే రోజు అదే కాంక్రీటుతో ఆరు క్యూబులు (పరీక్ష దిమ్మలు) తీయించండి. మూడు ఏడో రోజున, మూడు 28వ రోజున ల్యాబులో నలగ్గొట్టాలి. ల్యాబుకి డబ్బు మీరే కట్టి, రిపోర్టు నేరుగా మీరే తీసుకోండి.

జీఎస్టీ 18 శాతం రేటులో కలిసిందా, విడిగానా అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. కాంట్రాక్టరు జీఎస్టీ నంబరు ఇస్తే పోర్టల్‌లో కొట్టి చూడండి, నమోదు తేదీ, ఇప్పుడు నడుస్తోందా లేదా కనబడతాయి. పంపు, ఫిల్టరు బిల్లులు సీరియల్ నంబర్లతో మీ పేరునే రావాలి. లేకపోతే వారంటీ కాంట్రాక్టరుది అవుతుంది, మీది కాదు. నేలలో పూడ్చే ముందు ప్రతి పైపునీ టేపు పక్కన పెట్టి ఫొటో తీసి మీ అబ్బాయికి పంపమనండి.

నీటి పరీక్ష ఎలా చేయాలో కూడా రాయించండి. టైల్స్ వేయకముందు, గోడ వెనక మట్టి పోయకముందు పూల్ నింపాలి. ఏడు రోజులు కాంక్రీటు నీళ్లు పీల్చుకోనివ్వాలి. ఆ తర్వాత ఏడు రోజులు రోజూ ఒకే వేళకి మట్టం రాసుకోవాలి. పక్కనే నీళ్లు నింపిన బకెట్ మెట్టు మీద పెడితే ఆవిరి ఎంతో తెలిసిపోతుంది. గోడ బయటి ముఖం చెమ్మగిల్లకూడదు. పరీక్ష నెగ్గాక, పూల్ నిండుగా ఉండగానే వెనక మట్టి పోయాలి.

ప్రశ్న: మా బోరు నీళ్లు ఉప్పు. కాంట్రాక్టరు వాటితోనే కాంక్రీటు కలుపుతానంటున్నాడు.
— మొగల్తూరు పాఠకుడు

కలపనివ్వకండి. ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటులో వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. ఉప్పు ఇనుముని తొలుస్తుంది. తుప్పు పట్టిన ఊచ లావెక్కి కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. కలపడానికీ, క్యూరింగుకీ మంచి నీళ్ల ట్యాంకరు తెప్పించుకోవాలి. సముద్రపు పాయల దగ్గర తీసిన ఇసుక కూడా పనికిరాదు. మీ వైపు మట్టిలోనే ఉప్పు ఉంది కనుక స్లాగ్ సిమెంటు వాడమనండి, ఉప్పుని ఎక్కువ కాలం ఆపుతుంది. ఇనుముకీ మట్టికీ మధ్య రెండంగుళాల కాంక్రీటు మందం (కవరు) ఉండాలి. కవరు బ్లాకులు కాంక్రీటువే కావాలి. రాళ్ల ముక్కలు, చెక్క ముక్కలు పెడితే ఆ చోటే తుప్పు మొదలు.

ప్రశ్న: నీళ్లు అంచు మీంచి పొర్లే మోడల్ పెట్టుకోమంటున్నాడు, రెండు హార్స్‌పవర్ పంపుతో. అవసరమా?
— కాకినాడ పాఠకురాలు

ఇంటికి అనవసరం. పొర్లే మోడల్‌కి పొర్లిన నీళ్లు పట్టే బ్యాలెన్సింగ్ ట్యాంకు కావాలి. అంటే ఊటలో ఇంకో గొయ్యి, తేలే ప్రమాదం ఉన్న ఇంకో పెట్టె. ఈ కొలతకి ఒక స్కిమ్మరు, రెండు రిటర్న్‌లు చాలు. నీళ్లన్నీ ఆరు గంటల్లో ఒకసారి వడకట్టాలంటే గంటకి 6,100 లీటర్లు. దానికి 20 అంగుళాల శాండ్ ఫిల్టరు, ముప్పావు నుంచి ఒక హార్స్‌పవర్ పంపు సరిపోతాయి. చిన్న ఫిల్టరుకి రెండు హార్స్‌పవర్ తగిలిస్తే మురికి ఇసుకలోంచి దూసుకుని మళ్లీ పూల్‌లోకే వస్తుంది. కరెంటు బిల్లు అదనం. డబ్బు మిగిలితే పంపు పెంచకండి, 24 అంగుళాల ఫిల్టరు తీసుకోండి.

అడుగున మెయిన్ డ్రెయిన్లు రెండు, మూడడుగుల ఎడంతో ఉండాలి. ఒక్కటే ఉంటే పిల్లల జుట్టో చెయ్యో దాని మీద అతుక్కున్నప్పుడు పంపు పూర్తి బలంతో లాగేస్తుంది. లైట్లు 12 వోల్టులవే, సర్క్యూటుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి. పంపు గది నేలలో గొయ్యి తీసి పెట్టనివ్వకండి, మొదటి వాయుగుండానికే మోటారు మునుగుతుంది.

ప్రశ్న: కొత్త పూల్ నింపి క్లోరిన్ వేయగానే నీళ్లు టీ రంగుకి మారాయి. కాంట్రాక్టరు మోసం చేశాడా?
— రావులపాలెం పాఠకుడు

లేదు, అది మీ బోరు నీళ్లలోని ఇనుము. క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి పైకి కనబడుతుంది. పీహెచ్ 7.2–7.6 మధ్యకి తెచ్చి, వెయ్యి లీటర్లకి 30 నుంచి 50 గ్రాముల పటిక కరిగించి చల్లండి. పంపు ఆపి రాత్రంతా పేరనివ్వండి. పొద్దున్నే అడుగు మడ్డిని వ్యాక్యూమ్‌తో ఫిల్టరులోకి కాకుండా నేరుగా బయటికి పంపండి. నింపే ముందు నీళ్ల పరీక్ష చేయించమని చెప్పకపోవడం మాత్రం అతని లోపమే.

ప్రశ్న: మాది లంక ఊరు. 2022 జూలైలో వచ్చినంత వరద మళ్లీ వచ్చి పూల్‌లోకి బురద చేరితే వెంటనే తోడేయాలా?
— పి.గన్నవరం మండలం పాఠకుడు

తోడకండి. వరద తీసినా నేలలో నీళ్లు చాలా రోజులు పైనే ఉంటాయి. అప్పుడు ఖాళీ చేసిన పూల్‌లే ఎక్కువగా లేస్తాయి. ధవళేశ్వరంలో నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో హెచ్చరిక ఇచ్చారంటే పూల్‌ని అంచుదాకా నింపి, పంపు మోటారు విప్పి మేడ మీద పెట్టండి. వరద పోయాక బురద నీళ్లని అందులోనే పటికతో పేరబెట్టి, మడ్డి తీసి, గట్టిగా క్లోరిన్ పట్టించండి. ఊట పైపులో మట్టం ఫ్లోరు కిందికి దిగాకే, అదీ అవసరమైతేనే, ఖాళీ చేయడం.

ప్రశ్న: కట్టి ఏడాది. రోజూ అంగుళం తగ్గుతోంది. కాంట్రాక్టరు ఆవిరే అంటున్నాడు.
— రాజమహేంద్రవరం పాఠకుడు

అంగుళం అంటే 25 మిల్లీమీటర్లు. మే నెల ఎండకి కూడా అంత ఆవిరి కాదు. బకెట్ పరీక్ష చేసి ఫొటోలు తీయండి. తర్వాత 24 గంటలు పంపు నడుపుతూ, 24 గంటలు ఆపి మట్టం కొలవండి. నడిచినప్పుడు ఎక్కువ తగ్గితే రిటర్న్ పైపులు అనుమానించాలి, రెండింటా ఒకేలా తగ్గితే గోడో ఫిట్టింగో. నీళ్లు కలపడం ఆపి చూడండి. మట్టం ఎక్కడ ఆగిందో అక్కడే, ఆ ఎత్తులోనే కారుతోంది. చాలాసార్లు లైటు చుట్టూనో స్కిమ్మరు మూతి దగ్గరో తేలుతుంది. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు ఆ చోట సిరంజితో రంగు నీళ్లు వదిలితే పగులు వాటిని లోపలికి లాక్కుంటుంది. మట్టం తగ్గనిచ్చే ముందు ఊట ఎక్కడుందో కొలిచి చూసుకోండి. మీకు ఊట పైపు లేకపోతే ఈ పని వేసవిలోనే.

ఇవన్నీ తేదీలతో రాసి కాంట్రాక్టరుకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే అక్కడే వింటారు, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అగ్రిమెంటు, బ్యాంకు ద్వారా చేసిన చెల్లింపులు, క్యూబు రిపోర్టులు, పైపుల ఫొటోలు దగ్గరుంటే వకీలు లేకుండానే మీరే వాదించుకోవచ్చు.